రావద్దన్న నోటితోనే

తునికాకు కాలం వచ్చిందంటే రామక్క ఇంట్లో కోడికి పనుండదు. అది కూసే వేళకే రామక్కా, కోడలు భవానీ అడవిలో ఉంటారు. బారెడు పొద్దెక్కాక ఆకు మూటలు నెత్తిన పెట్టుకుని వచ్చి, చెరో చెంబెడు అంబలి తాగి, వాకిట్లో పందిరి కింద చతికిలబడతారు. ఇక సాయంత్రం బీడీ ఆకు కొనే కల్లానికి పోయేదాకా కట్టలు కట్టడమే పని. కట్టకు యాభై ఆకులు. ఒక్క ఆకు తగ్గితే కల్లందారు గుడ్లురుముతాడు. ఒకటి ఎక్కువైతే మాత్రం ఆ గుడ్లకు కనపడదు.

ఈ యేడు ఆ పందిరి కిందకు ఒక రాజ్యమే దిగింది. కొరియా రాజ్యం. తెచ్చింది మనవరాలు శ్రావణి. కొత్తగూడెం హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్న ఆ పిల్ల, ఎండాకాలం సెలవులకు వస్తూ వస్తూ తెలుగు మాటలు పెట్టిన రాజుల సీరియల్ ఒకటి ఫోన్లో నింపుకుని వచ్చింది. ఊళ్ళో సిగ్నల్ కావాలంటే గుట్ట ఎక్కాలి కదా, అందుకని ముందుచూపు. ఆకు మూటకు ఫోన్ ఆనించి పెడితే, చేతుల పని చేతులది, కళ్ళ పని కళ్ళది.

"గా టోపీ ఏందే, చేపల బుట్ట బోర్లిచ్చినట్టు? వాన పడితే నెత్తి తడవదా?" అని రామక్క మొదటి రోజు అడిగింది. రెండో రోజు రాణిగారి కొప్పు చూసి, "గంత బరువు మోస్తే మెడ నొయ్యదా తల్లీ" అని జాలిపడింది. మూడో రోజు వాళ్ళ తిండి చూసి ఊరట పడింది. అన్నం, ఆకుకూర, ఎండుచేప. "మన తిండే. పుల్లలతోని తినుడొక్కటే తక్కువ మనకు."

నాలుగో రోజు నుంచి పెద్దరాణి మీద పడింది ఆమె మనసు. ఆ ముసలి రాణి కన్నెర్ర చేస్తే మంత్రులందరూ నేలకు నుదురు ఆనించేవాళ్ళు.

"అత్తంటే గట్లుండాలె," అంది రామక్క కోడలి వైపు ఓరగా చూస్తూ.

"ఉన్నవు గదత్తా. కిరీటం ఒక్కటే తక్కువ," అంది భవాని ఆకులు సర్దుతూ.

రామక్క మొగుడు దూలయ్య పందిరి గుంజకు అవతల, ఫోన్‌కు వీపు పెట్టి కూర్చుని వెదురు బద్దలు చీలుస్తాడు. "నాకెందుకే గా బొమ్మలు" అంటాడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి. రామక్క మంత్రుల్ని కలిపేసి, "ఎర్రంగీవాడే గద యువరాజుకు మందు పెట్టింది" అన్నదా, వీపు తిప్పకుండానే సవరిస్తాడు. "ఎర్రంగీవాడు కాదే. గడ్డపోడు. ఎర్రంగీవాడు పాపం మంచోడు."

దూలయ్య ఆ ఇంటి పేరువాళ్ళందరికీ పెద్ద. పెద్దంటే పంచాయితీ పెద్ద కాదు. ఆ ఇళ్ళల్లో ఎవరైనా పోతే, మట్టి చేసిన తర్వాత ఒక రోజు చూసుకుని, పోయినవాళ్ళను పేరు పెట్టి పిలిచి మళ్ళీ ఇంట్లోకి తెచ్చుకుంటారు. ఇంటి మూల దూలం కింద పెద్దల కుండ ఉంటుంది. పిలిచిన మనిషి ఆ కుండలోకి వచ్చి, తాతముత్తాతల పక్కన కూర్చుంటుందని నమ్మకం. ఆ పిలుపు పిలిచేది దూలయ్య. నలభై ఏళ్ళుగా ఎంతమందిని పిలిచాడో. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. పిలుపు అయ్యేదాకా పోయినవాళ్ళ పేరు ఎవరూ పైకి అనకూడదు. పేరు వినపడితే వాళ్ళు తిరిగి చూస్తారట. చూస్తే తలుపు కనపడదట. దిక్కు తెలియక తిరుగుతారట.

ఆ ఇంట్లో నాలుగేళ్ళుగా పైకి అనని పేరు ఒకటుంది. రామక్క, దూలయ్యల కూతురి పేరు. శ్రావణి వాళ్ళమ్మ.

ఆమె ఖమ్మంలో నర్సు పని చేసేది. కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలంలో డ్యూటీలోనే జ్వరం తగిలింది. తొమ్మిదో రోజు ఫోన్ వచ్చింది. శవం ఇంటికి రాలేదు, వీళ్ళు పోనూ లేదు. అన్ని దారులూ మూసిన రోజులవి. ఏన్కూరు దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం అల్లుడు శ్రీనివాస్‌ది. వాళ్ళ కులం వేరు, పద్ధతి వేరు. మూడు నెలల తర్వాత అతను వాళ్ళ పద్ధతిలో నది ఒడ్డున ఏదో చేయించాడు. ఆ తర్వాత రెండేళ్ళకు మళ్ళీ పెళ్ళి చేసుకుని హైదరాబాద్ వెళ్ళాడు. చెడ్డవాడేం కాదు, ఆదివారం ఆదివారం కూతురికి ఫోన్ చేస్తాడు. కానీ సెలవులొస్తే శ్రావణి వచ్చేది ఇక్కడికే. వచ్చి, అమ్మ పుట్టి పెరిగిన ఇంట్లో, అమ్మ పేరు ఎవరూ అనని ఇంట్లో, అమ్మ గురించి ఒక్క ముక్క అడగకుండా ఉండేది. అడిగితే అందరి మొహాలూ మూల ఉన్న కుండ వైపు తిరుగుతాయని ఆ పిల్లకు తెలుసు.

ఆ రోజు మధ్యాహ్నం సీరియల్లో యువరాజు చచ్చిపోయాడు.

పది రోజుల నుంచీ మంచంలోనే ఉన్నాడు పిల్లవాడు. వైద్యులు కషాయాలు కాస్తూనే ఉన్నారు, గడ్డంవాడు కలిపేది కలుపుతూనే ఉన్నాడు. రామక్క తిడుతూనే ఉంది. పోతాడనుకుంటూనే ఉన్నారు గానీ, తీరా పోయేసరికి భవాని కళ్ళకు కొంగు అడ్డం పెట్టుకుంది. అప్పుడు జరిగింది ఒక సంగతి. ఒక ముసలి నౌకరు యువరాజు తొడుక్కునే నీలం అంగీని రెండు చేతులా పట్టుకుని, నిచ్చెన వేసుకుని, రాజభవనం కప్పు మీదికి ఎక్కాడు. ఆ కొసన నిలబడి అంగీని గాలిలో ఊపుతూ, గొంతు పగిలేట్టు అరిచాడు.

"తిరిగి రండి!"

మళ్ళీ అరిచాడు. మూడోసారీ అరిచాడు. కింద వాకిట్లో అందరూ మోకాళ్ళ మీద కూలబడి ఏడుస్తున్నారు. ఆ పిల్లవాడి తండ్రి, ముసలి రాజు మాత్రం నిటారుగా నిలబడి ఉన్నాడు. కప్పు వైపు తలెత్తి చూడలేదు.

రామక్క చేతిలో కట్ట ఆగిపోయింది. ఆకులు ఎన్ని పెట్టిందో లెక్క పోయింది. శ్రావణి గబుక్కున లేచి, దాహమన్నట్టుగా ఇంటి వెనక్కు పోయింది. అవతల వెదురు చీలుస్తున్న చప్పుడు కూడా ఆగింది.

ఆ తర్వాతి బొమ్మలో యువరాజు కనపడ్డాడు! నవ్వుతున్నాడు. తల్లి పక్కన కూర్చుని, ఆమె పెడుతుంటే తింటున్నాడు. రామక్క ముందుకు వంగింది. అంతే, ఛార్జింగ్ అయిపోయి ఫోన్ నల్లబడింది.

"చూసినవా కోడలా? వచ్చిండు!"

"వచ్చినట్టే ఉన్నడత్తా," అంది భవాని కళ్ళు తుడుచుకుని. "గంత జల్దీ ఎట్లొచ్చిండో."

"ఎట్లొచ్చేదేంది? అంగీ చూపిచ్చిండ్రు, మూడుసార్లు పిలిచిండ్రు, వచ్చిండు. పిలిస్తే ఎందుకు రారు?"

కరెంటు లేదు. ఇన్వర్టర్ ఉన్న రోడ్డుమీది కొట్లో ఛార్జింగ్ పెట్టుకొస్తానని శ్రావణి ఫోన్ తీసుకుని వెళ్ళింది. ఆ పిల్ల మలుపు తిరిగేదాకా చూసి, రామక్క గుంజ అవతలికి తిరిగింది.

"ఏమయ్యా."

"ఊఁ."

"నువ్వు గూడ పిలవరాదూ."

దూలయ్య ఎవరినని అడగలేదు. కత్తి కింద పెట్టి చెప్పాడు. "మనువైన ఆడిబిడ్డను పిలుచుకునేది మగనింట్ల. మన కుండకు కాదు. నలభై ఏండ్లసంది ఊరందరికి నేనే చెప్పుకుంట వచ్చిన. ఇప్పుడు నా ఇంటికాడికొచ్చేసరికి తిప్పితే ఎట్ల?"

"వాళ్ళకు కుండే లేదు గదయ్యా. ఏడికి పిలుస్తరు?"

"వాళ్ళ పద్ధతి వాళ్ళు చేసిండ్రు."

"నాలుగేండ్లాయె. గా పిల్ల తల్లి పేరు మర్చిపోతదేమోనని నాకు బుగులైతాంది."

"ఇగ ఆపు," అన్నాడు దూలయ్య. లేచి, భుజాన తువ్వాలు వేసుకుని, మేకల్ని తోలుకుని వాగు వైపు పోయాడు. అతను ఎప్పుడూ అంతే. తట్టుకోలేని మాట వస్తే మేకలకు ఆకలవుతుంది.

రామక్క కాసేపు కట్టలు కట్టింది. కట్టి, విప్పి, మళ్ళీ లెక్కపెట్టింది. తర్వాత లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టె తీసింది. అడుగున ఒక గళ్ళ అంగీ ఉంది. అడవిలో ముళ్ళు గీరుకోకుండా ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ పాత చొక్కా తొడుక్కుంటారు. ఇది దూలయ్య పాత అంగీ. పెళ్ళి కాకముందు కూతురు తునికాకుకు పోయేటప్పుడు తొడుక్కునేది. ఎడమ మోచేయి దగ్గర ఆకు కసరు మరక ఇంకా అలాగే ఉంది.

"అత్తా, ఏం జేస్తున్నవ్?" భవాని గుమ్మంలోంచి అడిగింది.

"నిచ్చెన పట్టు."

"మామ తిడతడు."

"తిట్టనీ. నిచ్చెన మంచిగ పట్టు, పడితే ఇద్దర్ని పిలవాల్సొస్తది."

పొద్దు వాలుతున్న వేళ. మేకల్ని తోలుకొస్తున్న దూలయ్యకు పొరుగింటి కోటేష్ ఎదురొచ్చి, ఆగి, కింది నుంచి పైదాకా చూశాడు.

"మామా, నువ్వు మంచిగనే ఉన్నవా?"

"నాకేమైందిరా?"

"ఏం లే. అత్త ఇంటి మీదెక్కి నీ అంగీ ఊపుతాంది. ఏం కతనో అని."

దూలయ్య మేకల్ని అక్కడే వదిలి ఇంటికి ఉరికాడు. నిజంగానే రామక్క వసారా కప్పు మీద, పెంకుల్లో ఒక కాలు, దూలం మీద ఒక కాలు వేసి నిలబడి ఉంది. చేతిలో గళ్ళ అంగీ. అతనికి మధ్యాహ్నం చూసిన ముసలి నౌకరు గుర్తొచ్చాడు. వీపు తిప్పి కూర్చున్నా అన్నీ చూశాడు మరి.

"ఏమేయ్! నేను బతికే ఉన్న గదనే! అప్పుడే నన్ను పంపిస్తున్నవా?"

"నిన్నెవరు పిలుస్తరు? నువ్వు పిలవకపోయినా తిండి యాళ్ళకు వస్తవు," అంది రామక్క పైనుంచి. "గిది నీ అంగీ కాదు. నా బిడ్డ అంగీ."

"దిగు. పెంకులిరుగుతయ్."

"ఇరగనీ."

ఒకటి పటుక్కున విరిగింది కూడా. భవాని నిచ్చెనను కౌగిలించుకున్నట్టు పట్టుకుంది. రామక్క అంగీని రెండు చేతులా పైకెత్తింది. నాలుగేళ్ళుగా నాలుక కింద దాచుకున్న పేరు గుట్టకు తగిలి తిరిగొచ్చేట్టు అరిచింది.

"పుష్పా! రా బిడ్డా! పుష్పా!"

అప్పుడే ఛార్జింగ్ పెట్టిన ఫోన్ పట్టుకుని శ్రావణి వాకిట్లో అడుగు పెట్టింది. తల్లి పేరు చెవిన పడి, అక్కడే బిగుసుకుపోయి నిలబడింది.

"నోర్ముయ్!" దూలయ్య కింది నుంచి కేకేశాడు. "పిలుపు లేకుంట పేరెత్తుతవా? తలుపు చూపియ్యకుంట పిలిస్తే ఏడికి పోతదది?"

"గందుకే నువ్వు తలుపు చూపియ్యి! పిలిస్తే వస్తరయ్యా. కండ్లార చూసిన. గా రాజు కొడుకు రాలేదా? మూడుసార్లు పిలిస్తే వచ్చి, తల్లి కాడ బువ్వ తిన్లేదా?"

"అమ్మమ్మా…" శ్రావణి ముందుకొచ్చింది. చెప్పాలా వద్దా అన్నట్టు ఒక్క క్షణం ఆగింది. "ఆయన రాలే అమ్మమ్మా. అది ముందటి సంగతి. ఆయన బతికున్నప్పటిది. వాళ్ళమ్మ యాది చేసుకుంటే చూపిచ్చిండ్రు."

రామక్క చేతులు మెల్లగా దిగాయి. "రాలేదా?"

"లే."

ఆమె పెంకుల మీదే కూర్చుండిపోయింది. అంగీని ఒళ్ళో పెట్టుకుంది. చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది. "మరెందుకు పిలిచిండ్రే, రాకపోతే?"

శ్రావణి మెడ పైకెత్తి, ఒక్కో మాటా కూడబలుక్కుని చెప్పింది. "వస్తడేమోనని ఒకసారి పిలుస్తరంట. మల్లొకసారి, మల్లొకసారి. మూడుసార్లు పిలిచినా రాకపోతే, అప్పుడు పోయిండని ఒప్పుకోని ఏడుస్తరంట. పిలవకముందు ఏడ్వరంట." ఆ పిల్ల పెదవి బిగపట్టింది. "మా అమ్మను ఎవ్వరు పిలవలే. నేనింకా ఏడ్వలే అమ్మమ్మా."

ఆ మాటకు నిచ్చెన పట్టుకున్న భవాని గొల్లుమంది. రామక్క మొగుడి వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. "ఇన్నవా?" అన్నట్టు చూసింది, అంతే.

దూలయ్య గుంజ పట్టుకుని నిలబడ్డాడు. నేల చూస్తూ అన్నాడు. "పిలిచిన."

"ఏంది?"

"పిలిచిన అంటున్న. గా కరోనాలనే. ఫోనొచ్చిన మూడోనాడు వాగుకాడికి పోయి, ఒక్కన్నే పిలిచిన. మగనింటిది గిగనింటిది ఏం చూడలే. నా బిడ్డే గద."

పిలిచిన తర్వాత కొంచెం పిండి పరిచి, మీద బుట్ట బోర్లిస్తారు. పోయిన మనిషి వస్తే పిండిలో ఏదో ఒక గుర్తు పడుతుంది. చీమ నడిచిన గీతైనా సరే, గుర్తే. నలభై ఏళ్ళలో దూలయ్య పిలిస్తే గుర్తు పడని రోజు లేదు.

"ఏం పడలే," అన్నాడు. "పరిచింది పరిచినట్టే ఉన్నది. చీమన్న రాలే. అప్పుడు నాకు సమజైంది. రాదు. ఎట్లొస్తది? మనువు మాటెత్తిన నాడు గీ గడపల నిలబడి నేనేమన్న? సచ్చినా రావద్దన్న. రావద్దన్న నోటితోనే రమ్మంటే ఎవరన్న వస్తరా? అందరి పెద్దల్ని పిలిచే నోరిది. గట్టిది. దాని మాట దానికే అడ్డం పడ్డది."

ఆ సంగతి పంతొమ్మిదేళ్ళ కిందటిది. వేరే కులం పిల్లవాణ్ణి చేసుకుంటానని కూతురు చెప్పడానికి వచ్చిన రోజు. రామక్క ఆ మాటను నిన్న విన్నట్టుగా మళ్ళీ విన్నది. మెల్లగా, ఒక్కో మెట్టూ తడుముకుంటూ కిందికి దిగింది. దిగి మొగుడి ఎదురుగా నిలబడింది.

"నేనొకటి చెప్త. కొడితే కొట్టు, తిడితే తిట్టు. అది వచ్చేది. నువ్వు రావద్దన్నా వచ్చేది. ఆదివారం నువ్వు అడివికి పోంగనే బస్సు దిగి వచ్చేది. గీ పందిరి కింద కూసోని నాతోని కట్టలు కట్టేది. నువ్వొచ్చే యాళ్ళకు పోయేది."

"అవ్ మామా," అంది భవాని భయపడుతూ. "నేను గూడ చెప్పలే నీకు."

దూలయ్య ఇద్దరినీ చూశాడు.

"నాకు తెల్వదనుకున్నరా?" అన్నాడు. "ఆదివారం ఆదివారం నాకు అడివిల ఏం పనే? తేనె లేని కాలంల గూడ తేనెకని పోయేటోన్ని. గుట్ట మీద కూసుంటే బస్సు కనపడతది. దిగేది చూసేటోన్ని. చంకల పిల్ల ఉండేది. మల్ల బస్సెక్కినంక దిగొచ్చేటోన్ని."

మేకలు వాటంతటవే ఇంటికి వచ్చి, దొడ్డి తలుపు ముందు నిలబడి అరుస్తున్నాయి.

"నేనొచ్చినప్పుడల్లా తాత ఉండకపోయేది," అంది శ్రావణి మెల్లగా. "తాత అంటే అడివిల ఉంటడు అనుకునేదాన్ని."

"పోయేటోన్ని గనీ బిడ్డా, రా అని అనలే. గా ఒక్క మాట నోరు తెరిచి అనలే. రేపందాం, ఈ పండుగకందాం అనుకున్న. గింతల గా రోగమొచ్చింది." దూలయ్య తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "గుట్ట మీద కూసోని చూసుడు పిలుసుడైతదా?"

రామక్క అతని చేయి పట్టుకుని పందిరి కింద కూర్చోబెట్టింది. నలభై ఐదేళ్ళ కాపురంలో అతనిది కట్టుబాటు అనుకుంది, మొండితనం అనుకుంది. తనూ కూతురూ కలిసి అతన్ని మోసం చేస్తున్నామని, ఆదివారాలు దొంగిలిస్తున్నామని భయపడింది. ఆ ఆదివారాలు అతను పెట్టినవని ఇవాళ తెలిసింది. ఇన్నేళ్ళూ ఒకే బస్సు కోసం ఒకరు గుమ్మంలోంచి, ఒకరు గుట్ట మీంచి చూశారు. ఒకరికొకరు చెప్పుకోలేదు. చెప్పుకుని ఉంటే కూతురు ఒక్క ఆదివారమైనా పొద్దుగూకేదాకా ఉండేదేమో కదా అనిపించింది ఆమెకు.

"రేపు పిలుద్దాం," అంది. "ఈసారి అందరం ఉంటం."

"మల్ల గుర్తు పడకపోతే?"

"రేపటి సంగతి రేపు చూద్దాం. లే, మేకల్ని తోలు."

మర్నాడు తునికాకుకు ఎవరూ పోలేదు. ముందు రాత్రే గుట్ట ఎక్కి అల్లుడికి ఫోన్ చేసి చెప్పింది శ్రావణే. "చెయ్యండి తల్లీ, మంచిది. నేను మొక్కానని చెప్పు," అన్నాడట శ్రీనివాస్. వరికోత మిషన్ మీద ఊళ్ళు తిరిగే కొడుకు రాంబాబు రాత్రికి రాత్రే బయలుదేరి తెల్లారేసరికి వచ్చాడు. అతనూ కోటేష్ కలిసి ముందుగా విరిగిన పెంకు మార్చారు. "అత్తా, ఇంకెవర్నన్న పిలిచేదుంటే నిచ్చెన ఈడ్నే ఉంచుదునా?" అని కోటేష్ అంటే, చాన్నాళ్ళకు ఆ ఇంట్లో అందరూ నవ్వారు.

పొద్దు పొడిచాక దూలయ్య వాగులో మునిగి, తడి బట్టలతో, ముంతెడు నీళ్ళు పట్టుకుని ఇంటి వైపు నడిచాడు. వెనక శ్రావణి. ఊళ్ళోవాళ్ళు ఎవరి గుమ్మాల్లో వాళ్ళు నిలబడి చూశారు. ఇంటి గడప ముందుకు వచ్చి ఆగాడు. తాతల నాటి పిలుపు మాటలు వాళ్ళ కోయ భాషలో ఉంటాయి. అవి అతనికి నిద్రలో కూడా వస్తాయి. ఆ రోజు రాలేదు. చివరికి మామూలు మాటే వచ్చింది.

"బిడ్డా పుష్పా. గా దినం గీ గడపల రావద్దన్నది నేనే. తప్పు మాటన్న. ఎనకకు తీసుకుంటున్న. గీ ఊరందరి ముందల తీసుకుంటున్న. ఇంట్లకు రా."

"రా బిడ్డా," అంది రామక్క గడప లోపలి నుంచి.

మూడోసారి శ్రావణి పిలిచింది. "అమ్మా, రా."

ముంతలో నీళ్ళు కుండ ముందు పోశారు. భవాని అలవాటు ప్రకారం చేటలో పిండి తెచ్చింది. దూలయ్య పిండి వైపు చూసి, చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. రామక్క ఆ చేటను కోడలి చేతుల్లోంచి తీసుకుని అవతల పెట్టింది.

"గుర్తేంది? కడుపున పుట్టిన బిడ్డ ఇంటికొస్తే గడపల నిలబెట్టి ఆధార్ కార్డు అడుగుతమా? వచ్చింది. అంతే. దీంతోని రొట్టె చెయ్యి కోడలా, అందరికి ఆకలైతాంది."

శ్రావణి అప్పుడు ఏడ్చింది. పదిహేడేళ్ళ పిల్ల, నాలుగేళ్ళ ఏడుపు. రామక్క ఊరుకోమనలేదు. ఒళ్ళో తల పెట్టించుకుని వీపు రాస్తూ కూర్చుంది. "ఏడు బిడ్డా, మంచిగ ఏడు, ఇప్పుడు ఏడ్వొచ్చు," అంది. అటు దూలం కింద దూలయ్య, ఇటు పొయ్యి దగ్గర భవాని, ఎవరి ఏడుపు వాళ్ళు ఏడ్చుకున్నారు.

రొట్టెలు తిన్నాక శ్రావణి ముక్కు తుడుచుకుని, కొంచెం మొహమాటంగా అడిగింది. "తాతా, మా అమ్మ చిన్నప్పుడు ఎట్లుండేది?"

మొదట దూలయ్య మేకల వైపు చూశాడు. రామక్క అతని వైపు చూసింది. అతను లేవలేదు. సర్దుకుని కూర్చున్నాడు.

"పుష్పనా?" అన్నాడు. ఆ పేరు నోట్లో ఎలా ఉందో చూసుకున్నట్టు ఆగాడు. "మాట ఇనేది కాదు. ఆరేండ్ల పిల్లప్పుడు నేను తేనెకు పోతాంటే ఎంటపడ్డది. రావద్దన్న. ఆగింది. నేను నడుస్తున్న. ఎనకనుంచి ఎండాకుల చప్పుడు. నేనాగితే ఆగుతది, నేను నడిస్తే నడుస్తది. తిరిగి చూస్తే కొడతననుకోని ఏడుస్తదేమోనని నేను చూడలే. గట్లనే పోయినం, నేను ముందర, అది ఎనక."

"ఎంత దూరం?"

"దూరమే. వాగుదాకా. అప్పుడు నీళ్ళు ఎక్కువున్నయ్. దాని నడుముదాకా ఉంటయ్. ఇగ నేనాగిన."

"ఆగి?"

దూలయ్య కళ్ళల్లో నీళ్ళు నిండాయి గానీ, మొహమంతా నవ్వే ఉంది.

"తిరిగి చూసిన. ఒడ్డు మీద నిలబడ్డది, కాళ్ళనిండ ముండ్లే. దాటుడు రాదు, ఎనకకు పోదు. రా బిడ్డా అని చేతులు చాపిన. చాపుడే ఆలస్యం, ఉరికొచ్చింది."